అధికారికంగా మూసిన తలుపు

సమగ్ర సమన్వయ శాఖ ప్రాంతీయ కార్యాలయంలో ఆడవాళ్ళ బాత్రూం తాళంచెవికి బదిలీ అయింది.

నిజానికి బదిలీ అయింది సూపరింటెండెంటు పేరిశాస్త్రిగారికి. వీడ్కోలు సభలో దండలు వేయించుకుని, మైసూరుపాకు తిని, ఈ కార్యాలయం నా కుటుంబం లాంటిదని చెప్పి కళ్ళు తుడుచుకుని ఆయన కారెక్కేటప్పటికి తాళంచెవి ఆయన చొక్కా జేబులోనే ఉండిపోయింది. మర్నాడు పొద్దున ఆడవాళ్ళు వెళ్ళి చూస్తే తలుపుకి తాళం వేసి ఉంది. శాస్త్రిగారు అప్పటికి రాయలసీమ చేరుకున్నారు.

గోదావరి ఒడ్డున ఒక పట్నంలో ఉన్న ఆ కార్యాలయం దేన్ని దేనితో సమన్వయం చేస్తుందో అందులో పనిచేసేవాళ్ళకి కూడా స్పష్టంగా తెలియదు. తెలియకపోయినా పని మాత్రం దండిగా ఉండేది. ఇప్పుడు తాళంచెవి పని కూడా వచ్చి చేరింది. శాస్త్రిగారికి ఉత్తరం రాశారు. ఆయన వెంటనే జవాబిచ్చారు. "సదరు తాళంచెవిని సూపరింటెండెంటు హోదాలో స్వీకరించి యుంటిని గనుక, తిరిగి సూపరింటెండెంటు హోదా గల వ్యక్తికి మాత్రమే అప్పగించగలవాడను." ఆయన వెళ్ళాక ఆ పోస్టు ఖాళీగా ఉంది. ఖాళీ పోస్టుకి తాళంచెవి అందుకునే చేతులుండవు.

పోనీ తాళం పగలగొడదామంటే అది ప్రభుత్వ ఆస్తి, దానికి శాఖ నిర్ణయించిన ఆయుష్షు ఇంకా తీరలేదు. మారుతాళంచెవి చేయిద్దామంటే అసలుది ముందుండాలి. తాళాలు తీసేవాణ్ణి పిలుద్దామంటే ముగ్గురి దగ్గర కొటేషన్లు తీసుకోవాలి. ఆ పట్నంలో తాళాలు తీసేవాడు ఒక్కడే. అతను మంచివాడు కాబట్టి మూడు కొటేషన్లూ తానే రాసిస్తానన్నాడు గాని, దానివల్ల పోటీతత్వం దెబ్బతింటుందని పైనుంచి అభ్యంతరం వచ్చింది.

దాంతో ఆఫీసులో ఆడవాళ్ళు రోడ్డుకి అవతలున్న చీరల షోరూముకి వెళ్ళడం మొదలుపెట్టారు. ఆ షోరూము వాళ్ళు బాత్రూంకి అడ్డు చెప్పేవారు కాదు. కానీ తిరిగి వచ్చేటప్పుడు కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, కొత్త స్టాకు పరిచేవారు. ఆ మంచినీళ్ళ వల్ల మళ్ళీ వెళ్ళాల్సి వచ్చేది. మొహమాటస్థులైన వాళ్ళ ఇళ్ళల్లో బీరువాలు నిండిపోయాయి.

ఆ మొహమాటస్థుల్లో సీనియర్ అసిస్టెంటు అలివేణి ఒకావిడ. యాభై దాటిన మనిషి, మోకాళ్ళ నొప్పులు. రోడ్డు దాటడం ఆవిడకీ కష్టంగానే ఉండేది గాని, ఆవిడ దిగులు తన గురించి కాదు, పక్క సీటులో కూర్చునే మెహరున్నీసా గురించి. మెహరున్నీసాకి ఆరో నెల. ఇసుక లారీలు అడ్డూ ఆపూ లేకుండా పోయే ఆ రోడ్డు మీద పొట్ట ఒక చేత్తో పట్టుకుని, రెండో చేయి లారీలకి అడ్డంగా చాపుతూ ఆ పిల్ల రోజూ దాటుతుంటే, కిటికీలోంచి చూస్తూ అలివేణి ఊపిరి బిగబట్టేది.

అలివేణికి ఈమధ్యే ఒక సరదా పట్టుకుంది. ఒకరోజు ఫ్లాటు తలుపు దానంతటదే మూసుకుని తాళం పడిపోయి, భార్యాభర్తలిద్దరూ బయట ఉండిపోయారు. తాళాలవాడు వచ్చి, సన్నటి ఊచ ఒకటి, వంకర రేకు ఒకటి పెట్టి గీకి, వాళ్ళు చూస్తుండగానే తలుపు తీశాడు. ఆవిడ భర్త గవర్రాజుగారు లోపలికి పరిగెత్తి పొయ్యి మీద మాడిపోయిన పాల సంగతి చూసుకుంటుంటే, అలివేణి గుమ్మంలోనే నిలబడి, "బాబూ, మళ్ళీ ఒకసారి వేసి తీయవా?" అని అడిగింది.

అప్పట్నుంచి ఆవిడకి నిద్రలో కూడా తాళాలే. ఇంటర్నెట్టులో వీడియోలు చూసింది. కొరియర్లో పారదర్శకమైన తాళం ఒకటి తెప్పించుకుంది. అందులో లోపలి భాగాలన్నీ కనిపిస్తాయి. చిన్న చిన్న ఇత్తడి పిన్నులు స్ప్రింగుల కింద వరసగా నిలబడి ఉంటాయి. సరైన తాళంచెవి పెడితే అన్నీ ఒకే గీత మీదికి లేచి దారి ఇస్తాయి. తాళంచెవి లేనప్పుడు వంకర రేకుతో తాళాన్ని కొంచెం తిప్పి పట్టుకుని, ఊచతో ఒక్కొక్క పిన్నునీ బుజ్జగించి లేపాలి. సరైన ఎత్తుకి లేచిన పిన్ను టిక్ మంటుంది. ఆ టిక్కు చెవికంటే ముందు వేలికి తెలుస్తుంది.

"ఆ వంకర రేకునేమంటారో తెలుసా అండీ?" అంది అలివేణి ఒక సాయంత్రం. "టెన్షన్ రెంచి అంటారు."

"ఆ టెన్షనేదో తాళానికే ఉండనీ," అన్నారు గవర్రాజుగారు. ఆయన రిటైరైన డ్రాయింగు మాస్టారు. "నాకు పెట్టకు. ముందు ఆ పప్పు సంగతి చూడు, అడుగంటుతున్నట్టుంది."

పారదర్శకమైన తాళం త్వరగానే లొంగింది. దాని మీద చేతిరుమాలు కప్పి ప్రయత్నిస్తే లొంగలేదు. కళ్ళతో తీస్తోంది గాని వేళ్ళతో తీయడం లేదని అలివేణికి అప్పుడు అర్థమైంది. మళ్ళీ మొదలుపెట్టింది. సీరియల్ చూస్తూ, కూర మగ్గేలోపు, ఫోన్లో అత్తగారు మాట్లాడుతుంటే ఊ కొడుతూ, చేతులు మాత్రం తాళం మీదే ఉండేవి. గట్టిగా తిప్పితే పిన్నులు బిగుసుకుపోయేవి. వదులుగా పడితే లేచినవన్నీ పడిపోయేవి. చివరికి ఒక ఆదివారం నిజమైన ఇత్తడి తాళం ఒకటి ఆవిడ చేతిలో మెత్తగా తిరిగింది. ఆవిడ లేచి నిలబడింది. చూసి మెచ్చుకోవడానికి ఇంట్లో ఎవరూ లేకపోతే, దేవుడి పటానికి చూపించింది.

ఈ సరదా ఉన్నవాళ్ళు పాటించే నియమాలు రెండున్నాయి. తనది కాని తాళం ముట్టుకోకూడదు. వాడకంలో ఉన్న తాళం మీద నేర్చుకోకూడదు. అలివేణి వాటిని గౌరవించేది. ఒక్కసారి మాత్రం గవర్రాజుగారి సొరుగు తాళం మీద ప్రయత్నించింది, భార్యాభర్తల ఆస్తి ఉమ్మడిదే కదా అని. సొరుగులో కాజాలు దొరికాయి. ఆయనకి సుగరుంది. వాళ్ళిద్దరూ ఆ సాయంత్రం మాట్లాడుకోలేదు.

ఆ నియమాలే లేకపోతే బాత్రూం తలుపు ఎప్పుడో తీసి ఉండేది. కానీ ఒక మధ్యాహ్నం మెహరున్నీసా రోడ్డు మధ్య డివైడరుకి కాలు తగిలి ముందుకి తూలింది. ఎవరో స్కూటరావిడ పట్టుకుంది కాబట్టి సరిపోయింది. తిరిగొచ్చి సీట్లో కూర్చున్నాక ఆ పిల్ల నీళ్ళసీసాని బల్ల చివరికి తోసేసింది.

"ఇంక నీళ్ళు తాగడం మానేస్తానక్కా," అంది. "తాగకపోతే వెళ్ళక్కర్లేదుగా."

అలివేణి లేచి ప్రాంతీయ సమన్వయాధికారి దత్తుగారి గదిలోకి వెళ్ళింది.

దత్తుగారు తన సర్వీసులో ఏనాడూ అవునని గాని కాదని గాని అనని మనిషి. అలా అనకుండానే ఇంత ఎత్తుకి ఎదిగారు. బాత్రూం తాళం తాళంచెవి లేకుండా తీయగలనని, తాళానికి గీత కూడా పడదని, అనుమతిస్తే తీస్తానని అలివేణి చెప్పింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

"మీరు చెప్పినది నేను వినియున్నాను," అన్నారు.

"మరి తీయమంటారా అండి?"

"వినియున్నానని చెప్పితిని కదా."

ప్రభుత్వ తాళం, ప్రభుత్వాధికారి విన్నారు. నియమం తప్పినట్టు కాదని అలివేణి అనుకుంది. మర్నాడు భోజనాల వేళ ఆడవాళ్ళంతా తలుపు చుట్టూ మూగారు. ఆవిడ స్టూలు వేసుకుని కూర్చుని రేకు దూర్చింది, ఊచ దూర్చింది, కళ్ళు మూసుకుంది. ఇంట్లో తాళాలతో పోలిస్తే ఇది మొండిది, తుప్పు పట్టింది. ఒక పిన్ను లేస్తే ఇంకోటి పడుతోంది. వెనక ఎవరో దగ్గితే అందరూ ఆ దగ్గినావిడకేసి కోపంగా చూశారు. అలివేణి మెడ వెనక చెమట పట్టింది. ఇంక లాభం లేదనుకుని వేళ్ళు వదులు చేసినప్పుడు, ఆ వదులుకే టిక్ మంది. తాళం తిరిగింది. తలుపు తెరుచుకుంది.

లోపల ప్లాస్టిక్ కవరు విప్పని కొత్త బకెట్టు ఉంది. కుళాయి తిప్పితే నీళ్ళొచ్చాయి. అందరికంటే ముందు మెహరున్నీసాని పంపించారు. ఆ మధ్యాహ్నం ఆ ఆఫీసులో ఆడవాళ్ళు ఎవరూ చీర కొనలేదు.

మర్నాడు పొద్దున దత్తుగారు అలివేణిని పిలిపించారు.

"బాత్రూం తాళంచెవి వచ్చినదా?"

"లేదండి. నేను తీశానండి. మీకు చెప్పాను కదండీ."

"తాళంచెవి లేకుండా తాళం తీయుట అనునది నిబంధనలలో లేదు," అన్నారు దత్తుగారు. "తాళంచెవితో తీసినదే తీసినట్లు. కావున ఆ తలుపు తెరిచి లేదు."

"తెరిచే ఉందండి. గాలికి కొట్టుకుంటుంటే అడ్డంగా ఇటుక కూడా పెట్టాం."

"అది భౌతికముగా. అధికారికముగా మూసియున్నది."

అలివేణి కాసేపు ఆలోచించింది. "మరి ఇప్పుడు మేం వెళ్ళొచ్చా అండి, వెళ్ళకూడదా?"

దత్తుగారు ఆ ప్రశ్న విన్నారు.

ఆ సాయంత్రానికి మెహరున్నీసాకి మెమో వచ్చింది. మొట్టమొదట లోపలికి వెళ్ళింది ఆ అమ్మాయే కాబట్టి. "మూసియున్న తలుపు గుండా మీరు లోనికి ప్రవేశించి, తిరిగి బయటకు వచ్చినట్లు కార్యాలయము దృష్టికి వచ్చినది. ఇది ఎట్లు సాధ్యమైనదో సంజాయిషీ ఇవ్వవలెను." తలుపు తెరిచి ఉండటం వల్ల సాధ్యమైందని మెహరున్నీసా రాసిచ్చింది. వాస్తవ విరుద్ధమని దాన్ని తిప్పి పంపారు. గోడ దూకారా అని దత్తుగారు వేరే మెమోలో అడిగారు. ఆరో నెల అని ఆ అమ్మాయి రాసింది. అది ప్రశ్నకు సమాధానము కాదని వచ్చింది.

"ఇంకేం రాయనక్కా?" అంది మెహరున్నీసా విసుగొచ్చి. "ఆ పైవాడి దయవల్ల మూసిన తలుపులోంచి వెళ్ళానని రాస్తాను. పోనీ."

నిజంగానే అలా రాసిచ్చింది. దత్తుగారు దాన్ని చాలాసేపు చదివారు. దైవానుగ్రహంతో తలుపు దాటకూడదని నిబంధనల్లో ఎక్కడా లేదు. "సంజాయిషీ సంతృప్తికరము" అని సంతకం పెట్టారు.

అది చూసి మిగతా ఆడవాళ్ళకి కూడా ధైర్యం వచ్చింది. అడిగితే అందరూ దైవానుగ్రహమే అన్నారు. అటెండరు టీ బడ్డీ దగ్గర ఈ సంగతి చెప్పాడు. సమన్వయ శాఖలో ఆడవాళ్ళు మూసిన తలుపులోంచి అలా లోపలికి వెళ్ళి ఇలా బయటికొస్తున్నారని, దానికి ఆఫీసరుగారి సంతకం కూడా ఉందని వారం తిరక్కుండా ఊరంతా పాకింది. మొదట ఇద్దరు ముగ్గురు వచ్చి చూసిపోయారు. తర్వాత చెప్పులు బయట విడిచి రావడం మొదలైంది. ఎవరో గుమ్మానికి పసుపు రాశారు. ఇంకెవరో బంతిపూల దండ కట్టారు. కొబ్బరికాయ కొట్టడానికి ఆ ఇటుకే ఉపయోగపడింది.

తలుపు బార్లా తెరిచి ఉండటం భక్తులకి అడ్డం రాలేదు. "మనకలా తెరిచినట్టు కనపడుతుందండి, మూసే ఉంది. ఆఫీసరుగారే చెప్పారు," అని ఒకళ్ళకొకళ్ళు చెప్పుకునేవారు. అలివేణి చేతిలో మహిమ ఉందని విని, తాళంచెవులు పోగొట్టుకున్నవాళ్ళు ట్రంకుపెట్టెలు మోసుకొచ్చారు. ఒకాయన సైకిలు భుజాన వేసుకొచ్చాడు. అన్నీ వాళ్ళ సొంత తాళాలే కాబట్టి అలివేణి ఓపికున్నంతవరకూ తీసిపెట్టింది. చెయ్యి బాగా తిరిగింది. కానీ ఒక ఇబ్బంది వచ్చిపడింది. భక్తుల వరస ముందు, లోపలికి ఎవరూ వెళ్ళలేకపోయారు. వెళితే దణ్ణాలు పెడుతున్నారు. ఆడవాళ్ళు మళ్ళీ చీరల షోరూముకి వెళ్ళసాగారు. షోరూము వాళ్ళు సంతోషించి స్వీటు పంచారు.

ఈ వార్త హెడ్డాఫీసుకి చేరింది. అక్కణ్ణుంచి స్థితిగతుల ప్రత్యేకాధికారి వరాహమూర్తిగారు విచారణకి వచ్చారు. ఆయన నిండైన మనిషి, నెమ్మదైన గొంతు. తలుపుని ముందునుంచి చూశారు, వెనకనుంచి చూశారు. వేలితో తోసి, అది కదలడం గమనించారు. భక్తుల్ని పంపించేశారు. అలివేణిని, దత్తుగారిని ఎదురుగా కూర్చోబెట్టుకుని తమ నిర్ణయం చెప్పారు.

"భౌతిక స్థితికిని అధికారిక స్థితికిని వైరుధ్యము ఏర్పడినపుడు, భౌతిక స్థితినే సవరించవలెను. తలుపు అధికారికముగా మూసియున్నది. కావున ముందు దానిని మూసి, తాళము వేసి, తదుపరి అసలు తాళంచెవితో తెరువవలెను. అంతట అన్నియు సక్రమమగును."

"తాళంచెవి శాస్త్రిగారి దగ్గరుందండి," అంది అలివేణి. "సూపరింటెండెంటుకి తప్ప ఇవ్వనన్నారండి."

"ఈ కార్యాలయములో అందరికంటె సీనియరు ఎవరు?"

"నేనేనండి."

"అయినచో ఈ క్షణము నుండి మీరే ఇన్‌ఛార్జి సూపరింటెండెంటు."

ఆ విధంగా, తాళం తీసినందుకు విచారణ ఎదుర్కొంటూనే, ఆ తాళంచెవి అందుకోవడం కోసం అలివేణికి పదోన్నతి వచ్చింది. ఎన్నో ఏళ్ళుగా ఆగిపోయిన పదోన్నతి అది. ఆవిడ సంతోషించాలో వద్దో తెలియక, "థాంక్సండి," అంది.

"ఇక తాళము వేయుడు."

"నాకు తీయడమే వచ్చండి. వేయడం ఇంకా నేర్చుకోలేదండి," అంది అలివేణి. ఆ మాట నిజం. తాళం తీయగానే లోపలి పిన్నులు మళ్ళీ ఎక్కడివక్కడ పడిపోయాయి. వేయాలంటే మళ్ళీ అన్నిటినీ లేపి, ఈసారి ఎదురువైపుకి తిప్పాలి. కుడి చేత్తో చేసే పని ఎడమ చేత్తో చేసినట్టుంటుంది.

వరాహమూర్తిగారు ఆవిడకి శిక్షణ మంజూరు చేశారు. శిక్షణ ఇవ్వగలిగినవాళ్ళు శాఖలో ఎవరూ లేరు కాబట్టి శిక్షకురాలిగా కూడా ఆవిడనే నియమించారు. శిక్షకురాలి హోదాలో అలివేణి రోజూ శిక్షణార్థి ప్రగతిని గమనించి దత్తుగారికి చెప్పాలి. ఆవిడ బల్ల మీద ఫైళ్ళు పక్కకి జరిపి, రోజంతా తాళం వేయడం సాధన చేసింది. ఆ కొన్నాళ్ళూ సమన్వయం ఆగిపోయింది. ఎవరూ గమనించలేదు.

"ఎలా ఉంది మీ శిక్షణార్థి?" అని దత్తుగారు అడిగేవారు.

"మొండి మనిషండి," అనేది అలివేణి. "కానీ నేర్చుకుంటుంది."

శాస్త్రిగారు తాళంచెవితో వచ్చిన రోజున ఆఫీసంతా బాత్రూం ముందు చేరింది. మెహరున్నీసాకి కుర్చీ వేశారు. వరాహమూర్తిగారు కార్యక్రమం వివరించారు. ముందు లోపల పరిశీలన, తర్వాత తాళం వేయుట, తర్వాత తాళంచెవి అప్పగింత, తర్వాత తెరచుట. ఆయన లోపలికి వెళ్ళి నలుమూలలా చూసి, "లోపల ఎవరును లేరు," అని గట్టిగా ప్రకటించారు. దత్తుగారు ఆ మాట రాసుకున్నారు.

"బయటికి రండి సార్, తాళం వేస్తాను," అంది అలివేణి.

"తాళపు గడి పూర్తిగా పడినదో లేదో లోపలి నుండియే కదా తెలియును. నేను స్వయముగా పరిశీలించెదను. మీరు కానిండు."

"అది కాదండి సార్, లోపలివైపు నుంచి తీయడానికి..."

"ప్రక్రియకు అంతరాయము కలిగించకుడు."

అలివేణి తలుపు లాగి స్టూలు మీద కూర్చుంది. ఇన్నాళ్ళ సాధన వృథా పోలేదు. పిన్నులు ఒకదాని తర్వాత ఒకటి లేచాయి. తాళం ఎదురువైపుకి తిరిగింది, గడి టక్కున పడింది. అందరూ చప్పట్లు కొట్టారు. జీవితంలో మొట్టమొదటిసారి ఒక తాళాన్ని ఊచతో వేసినందుకు అలివేణి ముఖం విచ్చుకుంది.

"సంతృప్తికరము," అన్నారు లోపల్నుంచి వరాహమూర్తిగారు.

శాస్త్రిగారు జేబులోంచి పట్టుగుడ్డలో చుట్టిన తాళంచెవి తీసి, ఇన్‌ఛార్జి సూపరింటెండెంటు అలివేణికి అప్పగించారు. ఫోటో తీశారు. ఆవిడ దాన్ని తాళంలో పెట్టింది. పట్టలేదు. తిప్పి పెట్టింది. అప్పుడూ పట్టలేదు.

శాస్త్రిగారు తాళంచెవి తీసుకుని వెలుతురులో పట్టుకుని చూశారు. "అరె," అన్నారు మెల్లగా. "ఇది మా స్కూటరు డిక్కీదండి. మా ఆవిడ అప్పట్నుంచీ దీనికోసమే వెతుకుతోంది."

"మరి బాత్రూందేది?"

"అదే నాకూ అర్థం కావట్లేదండి," అన్నారు శాస్త్రిగారు.

లోపల్నుంచి తలుపుని రెండుసార్లు లాగిన చప్పుడైంది. తర్వాత వరాహమూర్తిగారి గొంతు వినిపించింది, ఇందాకటికంటే కొంచెం సన్నగా. "దత్తుగారూ, తలుపు తెరిపించండి."

"ఇప్పుడు తలుపు అధికారికముగాను భౌతికముగాను మూసియున్నదండి," అన్నారు దత్తుగారు. ఆయన ముఖంలో చాలాకాలంగా లేని ప్రశాంతత కనిపించింది. "వైరుధ్యమేమియు లేదు. సవరించుటకు కారణము కనపడుట లేదు."

"నేను లోపల ఉన్నాను కదయ్యా."

"లోపల ఎవరును లేరని తమరే ప్రకటించినారండి. వ్రాసియుంచితిని."

"తాళం పగలగొట్టించండి."

"ఆయుష్షు తీరలేదండి."

"అయితే అలివేణిగారిని తీయమనండి."

"ఆమె తీసినచో తీసినట్లు కాదని తమరే కదండీ తేల్చినారు. అప్పుడు తమరు మూసిన తలుపు గుండా వచ్చినట్లగును. సంజాయిషీ అడగవలసి వచ్చును."

లోపల కుళాయి తిప్పిన చప్పుడైంది. ముఖం కడుక్కుంటున్నట్టున్నారు. "దైవానుగ్రహమని రాస్తానయ్యా," అన్నారు వరాహమూర్తిగారు.

"గెజిటెడ్ అధికారులకు అది వర్తించునో లేదో కనుగొనవలెనండి."

అలివేణికి ఆయన మీద జాలేసింది. చేతిలో ఊచ సిద్ధంగానే ఉంది. అప్పుడే వెనక్కి తిరిగి చూస్తే, కుర్చీలోంచి మెహరున్నీసా నడుం పట్టుకుని లేచి నిలబడింది. అటూ ఇటూ బరువు మార్చుకుంటోంది. "అక్కా, నేను రోడ్డు దాటొస్తాను," అంది చిన్నగా. బయట ఇసుక లారీ హారను మోగింది.

అలివేణి ఆ పిల్లని చెయ్యి పట్టుకుని ఆపింది. తలుపు దగ్గరికి వంగి, "సార్, మీ దగ్గర కాగితం, పెన్ను ఉన్నాయా అండి?" అని అడిగింది.

"ఉన్నవి."

"అయితే ఒక ఉత్తర్వు రాయండి సార్. తెరిచి ఉన్న తలుపుని తెరిచి ఉన్నట్టే లెక్కించాలని రాయండి. ఎవరు తీసినా, దేనితో తీసినా."

"అది విధానపరమైన నిర్ణయము. దానికి కమిటీ..."

"సరేనండి. కమిటీ వేసేదాకా ఉంటారా అండి?"

లోపల పెన్ను మూత తీసిన చప్పుడైంది.

"ఇంకోటి కూడా సార్," అంది మెహరున్నీసా అలివేణి భుజం మీంచి. "ఆ తాళం పీకేయమని కూడా రాయండి. లోపల గడియ ఒకటి చాలు మాకు. ఆయుష్షు తీరినా తీరకపోయినా. కొంచెం తొందరగా రాయండి సార్."

కాసేపటికి తలుపు కిందనుంచి కాగితం జారి వచ్చింది. దత్తుగారు దాన్ని తీసి, ఈ కొసనుంచి ఆ కొసదాకా చదివారు. "ఇందుమూలముగా తెలియజేయునదేమనగా, తెరిచియున్న తలుపు తెరిచియున్నట్లు భావించవలెను. సదరు తాళమును తక్షణమే తొలగించవలెను."

"ముద్ర లేదండి," అన్నారు.

"ముద్ర హెడ్డాఫీసులో ఉన్నది. తరువాత వచ్చును," అంది లోపలి గొంతు. "ముద్ర వచ్చువరకు సంతకమే చెల్లును."

దత్తుగారు ఆ మాట వినియున్నారు. ఇంక అలివేణి ఆగలేదు. ఊచ దూర్చింది.

తీయడం బాగా వచ్చిన పనే. అయినా ఆ రోజు వేళ్ళు మాట వినలేదు. ఇన్నాళ్ళూ వేయడం సాధన చేసి చేసి, చెయ్యి అటే తిరుగుతోంది. చివరి పిన్ను అందినట్టే అంది జారిపోతోంది.

"అయినదా?" అన్నారు వరాహమూర్తిగారు.

"మాట్లాడకండి సార్," అంది మెహరున్నీసా. "అక్క వినాలి."

శాస్త్రిగారు ఊపిరి కూడా బిగబట్టారు. అలివేణి కళ్ళు మూసుకుని, రేకు మీది బరువు తగ్గించి, ఊచని గోరంత వెనక్కి లాగింది. వేలికి సన్నగా తగిలింది. తాళం తిరిగింది.

తలుపు తీయగానే వరాహమూర్తిగారు బయటికి రాబోయారు. ఆయన్ని పక్కకి జరిపి మెహరున్నీసా లోపలికి వెళ్ళి గడియ పెట్టుకుంది.

ఆ మధ్యాహ్నమే అటెండరు స్క్రూడ్రైవరు తెచ్చి తాళం ఊడదీశాడు. అది చాలా తేలిగ్గా ఊడింది. స్క్రూలు తిప్పి తాళం తీయొచ్చని అప్పటిదాకా ఎవరికీ తట్టలేదు. అలివేణికి కూడా. శాస్త్రిగారు స్కూటరు తాళంచెవిని మళ్ళీ పట్టుగుడ్డలో చుట్టుకుని రైలుకి వెళ్ళిపోయారు.

వరాహమూర్తిగారు వరండాలో బెంచీ మీద కూర్చుని టీ తాగారు. గ్లాసు ఖాళీ అయినా లేవలేదు. అలివేణి అటుగా వెళుతుంటే పిలిచి, పక్కన చోటిచ్చారు.

"అమ్మా, ఆ ఊచలు హెడ్డాఫీసు తలుపులకి కూడా పనిచేస్తాయా?" ఆయన గొంతులో విచారణ పోయింది, ఇంట్లో మాట్లాడే మాట వచ్చింది.

"తాళాన్ని బట్టండి. ఏ తలుపండి?"

"నా గదిది. నాకు ముందున్నాయన రిటైరై కాశీ వెళ్ళిపోతూ తాళంచెవి పట్టుకుపోయాడు. నేను చేరిన రోజునుంచీ అది మూసే ఉంది. కూర్చోడానికి చోటు లేక ఇలా ఊళ్ళు తిరుగుతున్నాను. మా ఇంట్లోవాళ్ళు నాకు తిరగడం ఇష్టమనుకుంటున్నారు."

అలివేణి నవ్వు ఆపుకుంది. ఆయన ముఖం చూస్తే నవ్వాల్సిన విషయంలా అనిపించలేదు.

"వచ్చి తీసిపెడతానండి. అనుమతి మీరే ఇచ్చుకోవచ్చు కదా, ప్రత్యేకాధికారి మీరేగా."

"ఇవ్వొచ్చమ్మా. సంతకం పెట్టేస్తాను. కానీ ముద్ర వేయాలి కదా." వరాహమూర్తిగారు ఖాళీ గ్లాసులోకి చూశారు. "నా ముద్ర ఆ గదిలోనే ఉంది."

అలివేణి చటుక్కున వెనక్కి తిరిగి చూసింది. దత్తుగారు తమ గదిలో, కిటికీ పక్కన, ముద్ర లేని ఇందాకటి ఉత్తర్వుని వెలుతురుకి పట్టుకుని చదువుతున్నారు. బాత్రూం వైపునుంచి గడియ తీసిన చప్పుడు, కుళాయి నీళ్ళ చప్పుడు, ఆడవాళ్ళ నవ్వులు వినిపిస్తున్నాయి.

ఆవిడ బెంచీ మీద ఇంకొంచెం దగ్గరికి జరిగి, గొంతు తగ్గించింది.

"వచ్చే వారం సెలవు పెట్టి వస్తానండి. అప్పటిదాకా ఈ మాట ఇక్కడెవరితోనూ అనకండి సార్."